కట్టెలు చీల్చు హైడ్రాలిక్ యంత్రము: పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

1992 సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ వలన మన రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలు చేర్చబడినది. గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు పేర్కొనబడినవి. వానిలో 12వది వంటచెరకు, పశుగ్రాసము. కట్టకడపటిదైన 29వది ఉమ్మడి ఆస్తుల సంరక్షణము. ఈ రెండు విషయములకును ఒక్కసారిగా సంబంధించిన యంత్రమొకటి ఇటీవల మన ప్రాంతములకు వచ్చుచున్నది. అదియే మొద్దులను చీల్చి పేళ్లు చేయు హైడ్రాలిక్ యంత్రము. దీనిని కొనుట యెట్లు, వాడుట యెట్లు, కాపాడుట యెట్లు అను మూడు విషయములను పంచాయతీ సభ్యుల పరిశీలనార్థము ఈ వ్యాసమున వివరింతుము.

నేడు కట్టెల అవసరమెంత?

గ్రామములలో గ్యాసు పొయ్యిలు విరివిగా వ్యాపించిన మాట నిజము. 2016వ సంవత్సరము మే 1వ తేదీన ప్రారంభింపబడిన ఉజ్జ్వల పథకము వలన బీదల యిండ్లకు సైతము గ్యాసు వచ్చినది. అయినను కట్టెల అవసరము పూర్తిగా తీరలేదు. స్నానమునకు నీరు కాచుటకు, పెండ్లిండ్లకు, జాతరలకు, సంతర్పణలకు పెద్దపాత్రలలో వండుటకు, వర్జీనియా పొగాకు బ్యారన్లకు నేటికిని కట్టెలే వాడుచున్నారు. వీటన్నిటికంటె తప్పించుకొనరానిది శ్మశానవాటిక. ఒక్క దహనక్రియకు దాదాపు నాలుగైదు క్వింటాళ్ల కట్టెలు కావలసియుండును. వర్షాకాలమున ఎండిన కట్టెలు దొరకక, దుఃఖములోనున్న బీదకుటుంబము పచ్చిమొద్దుల కొరకు పరుగులు తీయుట మనము ఎరిగినదే. ముందుగా చీల్చి, ఆరబెట్టి, కప్పుక్రింద పేర్చియుంచిన కట్టెలు ఆ సమయమున పంచాయతీ చేయగల గొప్ప సహాయము.

తుపానుల సంగతియు మరువరాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విశాఖ ప్రాంతమున, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానమున లెక్కలేనన్ని చెట్లను నేలగూల్చినవి. పడిన జీడిమామిడి మొద్దు ఇంటివానికి కట్టెయగును. దారిన ఉండిపోయిన యెడల అది అడ్డంకియే యగును. అయితే ఒక్కమాట. కొబ్బరిమానునకు తక్కిన చెట్లవలె కొయ్యచార ఉండదు. అది పీచుకట్టు. కావున ఈ యంత్రము దానిని శుభ్రముగా చీల్చజాలదు. కొబ్బరి మానులను చూచి యంత్రము కొనదలచువారు ఈ సంగతి ముందుగా గ్రహింపవలెను.

చీల్చుట యెందుకు?

పచ్చికొయ్య బరువులో దాదాపు సగము నీరే యుండును. ఒక కిలో నీటిని కాచి ఆవిరిగా మార్చుటకు 600 కేలరీలకు పైగా, అనగా వంటలో లెక్కించు పెద్ద కేలరీలు, వ్యయమగును. పచ్చికట్టె మండించినపుడు ఆ వేడి అంతయు ఎసటికి చేరక పొగగొట్టము పాలగుచున్నది. బాగుగా ఎండిన కట్టెలో తేమ నూటికి 20 పాళ్లకు మించదు. అట్టి కిలో కట్టె పచ్చికట్టెకంటె దాదాపు రెట్టింపు వేడినిచ్చును. పొగ తక్కువ, మసి తక్కువ, పొయ్యియొద్ద కూర్చుండు స్త్రీల కన్నులకును ఊపిరితిత్తులకును బాధ తక్కువ.

గుండ్రని మొద్దు బెరడుతో నున్నంతకాలము త్వరగా ఎండదు. బెరడు నీటిని లోననే బంధించును. దానిని నాలుగు పేళ్లుగా చీల్చిన వెంటనే లోపలి కొయ్యకు గాలి తగులును. సంక్రాంతికి చీల్చి, నేలకు జానెడు ఎత్తున, గాలి యాడునట్లు దొంతరలుగా పేర్చి, పైన మాత్రమే కప్పువేసినచో, మన వేసవి యెండలకు వానలు రాకముందే చక్కగా ఎండును. నాలుగువైపుల పట్టా కప్పినచో తేమ లోననే నిలిచి బూజుపట్టును. యంత్రమున్నను లేకున్నను ఈ పద్ధతి అందరును పాటింపదగినది.

యంత్రము పనిచేయు విధము

ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లెయిజ్ పాస్కల్ పదునేడవ శతాబ్దమున ఒక సూత్రమును నిరూపించెను. మూయబడిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించును. 1795లో ఇంగ్లండు దేశస్థుడు జోసెఫ్ బ్రామా ఈ సూత్రము ఆధారముగా హైడ్రాలిక్ ప్రెస్సును నిర్మించి పేటెంటు పొందెను. లారీని ఎత్తు జాకీ, ట్రాక్టరు వెనుక నాగలిని ఎత్తు చేతులు, మట్టి త్రవ్వు పొక్లెయిను ఇవన్నియు ఆ సూత్రము మీదనే పనిచేయుచున్నవి. మన కట్టెల యంత్రమును ఆ వంశములోనిదే.

దీనియందు ముఖ్యభాగములు ఆరు. నూనె తొట్టి, నూనెను నెట్టు పంపు, నూనె దారిని మార్చు వాల్వు, దాని మీట, సిలిండరులో కదలు పిస్టను, మొద్దును చీల్చు ఉక్కు బ్లేడు. ఇవన్నియు బలమైన ఇనుప దూలముపై అమర్చబడియుండును. పిస్టను వ్యాసము 10 సెంటీమీటర్లు అనుకొందము. అపుడు దాని వైశాల్యము సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 200 కిలోలైనచో మొత్తము బలము 15,600 కిలోలు, అనగా పదునైదున్నర టన్నులు. గొడ్డలి వేగముతో కొట్టును. ఈ యంత్రము మెల్లగా నెట్టును. ఆ మెల్లదనమే దీని మేలు, దీని ప్రమాదము కూడ. నెమ్మదిగా కదలుచున్నది గదా యని మనుష్యుడు ఏమరుపాటున చేయిపెట్టును. మొద్దునకును వ్రేలికిని గల భేదమును యంత్రమెరుగదు.

చాల యంత్రములలో పంపు రెండు అంచెలుగా పనిచేయును. మొద్దు తగులువరకు ఎక్కువ నూనెను తక్కువ ఒత్తిడితో పంపి పిస్టనును వేగముగా నడుపును. మొద్దు ఎదిరించిన వెంటనే తక్కువ నూనెను హెచ్చు ఒత్తిడితో పంపును. కావున పని మధ్యలో పిస్టను వేగము తగ్గి ధ్వని మారినంతమాత్రమున యంత్రము చెడినదని భయపడనక్కర లేదు.

పంపును త్రిప్పు శక్తిని బట్టి ఇవి మూడు విధములు. కరెంటు మోటారుతో నడచునవి ఒకచోట స్థిరముగానుండు కట్టెల అడితికి తగియుండును. సొంత ఇంజనుగలవి ఎచ్చటికైనను లాగికొనిపోవచ్చును. కాని ఇంజను పోషణ అదనపు భారము. ట్రాక్టరు పి.టి.ఓ.తో నడచునవి, ట్రాక్టర్లు విరివిగానున్న మన గ్రామములకు పెక్కుచోట్ల అనుకూలముగా నుండును.

కొనవలెనా? అద్దెకు తేవలెనా?

ఈ ప్రశ్నకు ఉత్సాహము సమాధానము కాజాలదు, లెక్కయే సమాధానము. యంత్రము ధర రెండు లక్షల రూపాయలనియు, పది సంవత్సరములు పనిచేయుననియు ఉదాహరణకు అనుకొందము. సంవత్సరమునకు తరుగు 20,000 రూపాయలు. ఏడాదికి 400 గంటలు నడచినచో గంటకు పడు తరుగు 50 రూపాయలు మాత్రమే. 40 గంటలు మాత్రమే నడచినచో అదే తరుగు గంటకు 500 రూపాయలగును. ఇంధనము, కూలి, మరమ్మతులు వీనికి అదనము. పనిచేయు యంత్రముకంటె పాకలో పడియున్న యంత్రమే ఖరీదైనది. ఈ అంకెలు లెక్క విధమును చూపుటకు మాత్రమే. మీ గ్రామపు లెక్కను మీరు తెచ్చిన కొటేషన్లతో, మీ అవసరముల జాబితాతో మీరే వేసికొనవలెను.

ఒక్క గ్రామమునకు పని చాలనిచో ఇరుగుపొరుగు పంచాయతీలు మూడునాలుగు కలిసి యొక యంత్రమును ఉంచుకొనవచ్చును. వ్యవసాయ పనిముట్లను అద్దెకిచ్చు కస్టమ్ హైరింగు కేంద్రముల పద్ధతి మనకు తెలిసినదే. ఆ మార్గమునే ఇచటను అనుసరింపవచ్చును.

కొనుటకు నిశ్చయించినచో, డబ్బు చెల్లింపకముందే ఈ క్రింది విషయములను చూడవలెను.

మొదటిది, పరీక్ష. అమ్మకందారు తెచ్చిన మెత్తని మామిడి మొద్దుతో తృప్తిపడరాదు. మీ ఊరి చింతమొద్దును, మెలికలు తిరిగిన తుమ్మమొద్దును తీసికొనిపోయి చీల్చి చూపుమని కోరవలెను. చింతచార అల్లుకొనియుండును. దానిని చీల్చినది తక్కినవానిని చీల్చగలదు.

రెండవది, మీట. రెండు చేతులును మీటలపై నున్నపుడే పిస్టను కదలు యంత్రమును ఎన్నుకొనవలెను. చేతులు రెండును మీటలపై నుండగా బ్లేడు దగ్గర చేయి ఉండుట అసంభవము. ఐరోపా దేశముల భద్రతా ప్రమాణములు ఈ ఏర్పాటును కోరుచున్నవి. ధర కొంత తక్కువయని దీనిని వదలుకొనరాదు. ట్రాక్టరు యంత్రమునకు పి.టి.ఓ. ఇరుసుపై తొడుగు తప్పక యుండవలెను.

మూడవది, మరమ్మతు. హోసు పైపులు, సీళ్లు, ఫిల్టర్లు మీ మండల కేంద్రమునందో, దగ్గరి పట్టణమునందో దొరకునో లేదో విచారింపవలెను. పొక్లెయినులకు హోసులు ప్రెస్సుచేయు దుకాణములు నేడు పెక్కు పట్టణములలో కలవు. ఆ కొలతలకు సరిపోవు హోసులున్న యంత్రము మేలు. వాడుక పుస్తకము తెలుగులో లేనిచో ముఖ్యాంశములను తెలుగున వ్రాయించి ఇమ్మని కోరవలెను.

వాడునపుడు పాటింపవలసిన నియమములు

ఒక యంత్రము, ఒక మనిషి. ఈ నియమము అన్నిటికంటె ముఖ్యము. ఒకడు మొద్దును పట్టుకొనగా మరియొకడు మీట నొక్కుట వలననే తరచు వ్రేళ్లు తెగుచున్నవి. మొద్దు పెట్టువాడే మీట నొక్కవలెను. సహాయకుడు మొద్దులను దగ్గరకు చేర్చి, పేళ్లను తీసికొనిపోవచ్చును. పిస్టను కదలుచుండగా పది అడుగుల లోపలికి రారాదు. పిల్లలను ఆ ఆవరణలోనికే రానీయరాదు.

మొద్దు రెండు కొనలును సమముగా కోయబడి యుండవలెను. ఏటవాలు కొన జారి మొద్దు ఎగిరిపడును. మొద్దును పొడవునకు, చార వెంబడియే పెట్టవలెను. అడ్డముగా పెట్టినచో అది చీలదు. ఒత్తిడి పెరిగి ముక్కలు ప్రేలినట్లు ఎగురును. పెద్దమొద్దును నడిమికి చీల్చ ప్రయత్నింపక అంచులనుండి పేళ్లు తీయుచు రావలెను. నీలగిరి వంటి మెలిచార కొయ్యను పచ్చిగా నున్నపుడే చీల్చుట సులభము. ఎండిన పిమ్మట అది మొండికెత్తును.

మొద్దు కదలక మొరాయించినచో మీటను నొక్కిపట్టి ఉంచరాదు. అయిదు సెకన్లలో చీలనిచో వెనుకకు తీసి, మొద్దును త్రిప్పి పెట్టవలెను. ఊరక నొక్కియుంచినచో నూనె కాగి సీళ్లు చెడును. బ్లేడున ఇరుకుకొన్న మొద్దును ఇంజను ఆపి, ఒత్తిడి తీసివేసిన పిమ్మటనే సమ్మెటతో తట్టి తీయవలెను. చేతితో గాని కాలితో గాని లాగరాదు.

దుస్తుల విషయమున మన అలవాట్లు కొంత మారవలసియున్నది. పైకండువా, పంచెకుచ్చెళ్లు, వ్రేలాడు చీరకొంగు పి.టి.ఓ. ఇరుసునకు చుట్టుకొన్నచో మనిషిని రెప్పపాటున లాగివేయును. ఇరుసు నిమిషమునకు 540 సార్లు తిరుగును, అరచుటకైనను సమయముండదు. బిగుతైన దుస్తులు, చెప్పులకు బదులు బూట్లు, కన్నులకు అద్దములు విధిగా ఉండవలెను.

ఎవరికైనను వ్రేలు తెగినచో గాయమును శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, 108కు ఫోను చేయవలెను. తెగిన భాగమును తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నుంచి, ఆ సంచిని మంచునీటిలో పెట్టి రోగితో పంపవలెను. మంచుగడ్డపై నేరుగా పెట్టినచో అది పాడగును.

సంరక్షణము

ఈ యంత్రమునకు నూనెయే రక్తము. ప్రతిదినము పని ప్రారంభింపకముందు నూనెమట్టము చూడవలెను. అట్లు చూచునపుడు పిస్టను పూర్తిగా లోపలికి పోయియుండవలెను. పిస్టను వెలుపలనున్నపుడు తొట్టిలో నూనె తక్కువగా కనబడును. అది చూచి నూనె నింపినచో పిస్టను లోనికి రాగానే తొట్టి పొంగును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని యర్థము. నురుగెత్తినచో గాలి చొరబడుచున్నదని యర్థము. రెండు సందర్భములందును యంత్రమునాపి కారణము కనుగొనవలెను. మన వేడి ప్రాంతములకు పెక్కు కంపెనీలు 46 లేక 68 నంబరు హైడ్రాలిక్ నూనెను చెప్పుచున్నవి. వాడుక పుస్తకమున ఏది చెప్పబడియున్నదో అదియే పోయవలెను గాని, ఇంటనున్న ఇంజనునూనెను పోయరాదు.

నూనెలో చేరు దుమ్ము పంపును అరగదీయును. నూనె పోయునపుడు మూత చుట్టును తుడిచి, శుభ్రమైన గరాటా వాడవలెను. క్రొత్త యంత్రమున మొదటి ఫిల్టరును పుస్తకమున చెప్పిన గంటలకే తప్పక మార్చవలెను. తయారీలో మిగిలిన ఇనుపరజను అందు చేరియుండును. తీసివేసిన నూనెను చెరువులోగాని కాలువలోగాని పోయరాదు. డబ్బాలో నిలువచేసి అనుమతిగల సేకరణదారులకు అమ్మవలెను.

హోసు పైపులను వారమున కొకమారు పరీక్షింపవలెను. పగుళ్లు, ఉబ్బులు, తీగ బయటపడుట కనిపించినచో వెంటనే మార్చవలెను. సూదిమొనంత రంధ్రమునుండి వెలువడు నూనెచార కంటికి కనబడదు. కాని అది చర్మమును చీల్చి లోనికి పోగలదు. కావున కారుటను చేతితో తడిమి చూడరాదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడవలెను. నూనె చర్మములోనికి పోయినచో గాయము చీమకాటంత చిన్నదిగా నున్నను ఆలస్యము చేయక శస్త్రచికిత్సగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరునాటికి చూతమనుకొన్నచో చేతినే కోల్పోవచ్చును.

తక్కిన పనులు సులభమైనవి. బ్లేడు అంచును ఆకురాయితో సరిచేయుట, దూలమునకు గ్రీజు పూయుట, బోల్టులను పానాతో బిగించుట, పనిముగిసిన పిమ్మట పొట్టును ఊడ్చుట. పిస్టను కడ్డీపై తుప్పుపట్టినచో ఆ గరుకు సీలును కోసి నూనె కారును. కావున యంత్రమును కడ్డీ లోపలికి పోవునట్లుంచి, కప్పుక్రింద నిలుపవలెను.

కట్టెలు కొట్టువారి మాట

ప్రతి గ్రామమునను గొడ్డలి భుజమున వేసికొని రోజుకూలికి మొద్దులు చీల్చు కుటుంబములు కొన్ని యుండును. యంత్రము వచ్చిన దినమున వారి కూలి పోవును. పంచాయతీ సభ్యులు ఈ సంగతిని యంత్రము కొన్న తరువాతగాక, కొనకముందే ఆలోచింపవలెను. ఏ మొద్దు ఎట్లు చీలునో, ముడి ఎచ్చటనున్నదో వారికి తెలిసినంత వేరెవరికి తెలియదు. యంత్రమును నడుపు శిక్షణము వారికే ముందుగా ఇప్పించి, గంటల లెక్కన కూలి నిర్ణయించినచో, వారి అనుభవము యంత్రమునకును, యంత్రము వారి వెన్నెముకకును తోడ్పడును. పలుకుబడి గలవారి బంధువునకు మీట అప్పగించి, గొడ్డలి పట్టినవానిని ఇంటికి పంపుట ఉమ్మడి ఆస్తికి న్యాయము కాదు.

చెట్టు విషయమును అట్టిదే. యంత్రమున్నది గదా యని చెట్లను కొట్టరాదు. 2002 సంవత్సరపు జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము, అనగా వాల్టా చట్టము, చెట్లు నరుకుటను నియంత్రించుచున్నది. ఏ జాతికి అనుమతి అవసరమో, దేనికి మినహాయింపు గలదో అటవీశాఖ ఉద్యోగుల నడిగి తెలిసికొనవలెను. పడిన చెట్లు, ఎండిన కొమ్మలు, కట్టెలకై పెంచిన సరుగుడు తోటలు ఈ యంత్రమునకు తగిన మేత. కొట్టిన ప్రతి చెట్టునకు మారుగా మొక్కలు నాటించుట పంచాయతీ బాధ్యతగా భావింపవలెను.

తీర్మానములో నుండవలసినవి

ఉమ్మడి యంత్రములు పెక్కు చెడిపోవుట ఇనుము బలహీనత వలన కాదు. ఇది ఎవరిదను ప్రశ్నకు జవాబు లేకపోవుట వలన. కావున కొనుగోలు తీర్మానములోనే అయిదు విషయములను స్పష్టముగా వ్రాయవలెను. యంత్రమునకు బాధ్యుడగు ఒక్క వ్యక్తి పేరు. శిక్షణము పొంది, నడుపుటకు అర్హులైనవారి జాబితా. గంటకు అద్దె, బీదలకును దహనక్రియలకును ఇచ్చు రాయితీ. ప్రతి గంట అద్దెలో మరమ్మతునిధికి చేర్చు భాగము. నడచిన గంటలు, పోసిన నూనె, మార్చిన భాగములు నమోదుచేయు పుస్తకము. ఈ పుస్తకమును ప్రతి గ్రామసభయందును ప్రజలయెదుట చదివి వినిపింపవలెను. ఈ అయిదింటిలో ఏ యొక్కదానికి జవాబు కుదరకున్నను కొనుగోలును వాయిదా వేసి, అప్పటివరకు అద్దె యంత్రముతో పని గడుపుట వివేకము.

రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చి, కట్టెలు వాడువారిని, కొట్టువారిని, ట్రాక్టరు యజమానులను, ముఖ్యముగా పొయ్యియొద్ద పొగను భరించు స్త్రీలను పిలిచి చర్చింపుడని పంచాయతీ సభ్యులెల్లరను కోరుచున్నాము.